చెవుల గదిలో బుధవారాలు

నేను పనిచేసే చోట పొద్దున రాగానే ముందు తెరిచేది చెవులు పరీక్ష చేసే చిన్న గది. జానెడు మందం తలుపు, గోడలనిండా స్పాంజి, ఒక పక్క అద్దం. బయటి చప్పుడు లోపలికి రాకుండా కట్టిన గది కాబట్టి గాలి కూడా రాదు. రాత్రంతా మూసి ఉన్న ఆ స్పాంజికి ఒక వాసన ఉంటుంది. కొత్త చెప్పుల డబ్బా తెరిచినట్టు, అందులో కొంచెం స్పిరిటు కలిసినట్టు. నేను నల్లగొండకు వచ్చి నాలుగేళ్లయింది. ఇక్కడి గది వేరు, యజమాని వేరు. అయినా ఆ వాసన తగలగానే మహబూబ్‌నగర్‌లో బస్టాండు వెనక సందులో, జబ్బార్ సార్ దుకాణంలో ఉన్నట్టే అనిపిస్తుంది. ఒకప్పుడు వెంటనే ఫ్యాను వేసి పనిలో పడేదాన్ని. ఆయన పోయాడని తెలిసినప్పటి నుంచి రెండు నిమిషాలు ఆగి వేస్తున్నాను.

జబ్బార్ సార్ సర్కారు దవాఖానలో చెవుల పరీక్ష చేసే టెక్నీషియన్. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక చెవి మిషన్ల దుకాణం పెట్టాడు. పొట్టి మనిషి, తెల్ల గడ్డం, చొక్కా జేబులో ఎప్పుడూ పల్లీలు. కోపం ముక్కు మీద ఉండేది. నాకు ఆయన దగ్గర పని దొరికినప్పుడు ఇరవై రెండేళ్లు. మాది దేవరకద్ర దగ్గర పల్లె. నాయిన మేస్త్రీ పని చేస్తాడు, అమ్మ కూలికి పోతుంది, ఆదివారం అందరం చర్చికి పోతాం. ఇంటర్ తర్వాత ఒక చిన్న కోర్సు చేసి, ఆ సర్టిఫికెట్ పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను. సర్టిఫికెట్ చూడనే లేదు. అక్కడ కూర్చున్న ఒక ముసలామెను చూపించి పేరు, ఊరు అడిగి రాసుకోమన్నాడు. ఆమెకు వినపడదు కదా అని నేను గొంతు చించుకున్నాను.

"ఎందుకొర్లుతున్నవ్ బిడ్డా?" అన్నాడు. "అవ్వ నీ ముందరనే ఉన్నది, అవతలి గట్టు మీద లేదు. మొఖం సూపెట్టి నిమ్మళంగ మాట్లాడు."

మొఖం చూపెట్టి నిమ్మళంగా మాట్లాడితే ఆమె పేరు, ఊరే కాదు, కోడలి సంగతులు కూడా చెప్పింది. ఆ రోజే పనిలో చేరాను.

పరీక్ష సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెప్పాలి. మనిషిని ఆ గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, చేతికి ఒక బటన్ ఇస్తాం. అద్దానికి ఇవతల కూర్చుని సన్నని చప్పుళ్లు పంపుతాం. వినబడితే నొక్కాలి. కుడి చెవికి ఎర్ర పెన్ను, ఎడమ చెవికి నీలం పెన్ను. కాగితం మీద గుర్తులు పెట్టి కలిపితే ఏ చెవి ఎంత పనిచేస్తుందో తెలుస్తుంది. ఇందులో తమాషా ఏమిటంటే, చాలామంది వినబడకపోయినా నొక్కుతారు. చెవిటివాళ్లమని తేలిపోతుందని సిగ్గు. ఒకసారి ఒక పెద్దమనిషి మేళం వాయించినట్టు టకటకా నొక్కుతున్నాడు. సార్ తలుపు తెరిచి, "జర ఆగు పటేలా, నేనింక సప్పుడు ఇడ్వనే లేదు," అన్నాడు.

ఇక నా సంగతి. నాకు అమ్మాయిలంటే ఇష్టం. ఈ వాక్యం ఇప్పుడు ఇంత తేలికగా రాస్తున్నాను కానీ, అప్పుడు నాకు నేను కూడా చెప్పుకునేదాన్ని కాదు. ఇంటర్ హాస్టల్లో ఒక స్నేహితురాలు ఉండేది. ఇద్దరం ఒకే పళ్లెంలో తినేవాళ్లం, ఒకే దుప్పటి కప్పుకునేవాళ్లం. ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకంటే ఎవరికీ ఆ ఆలోచనే లేదు. ఆమెకు పెళ్లయి పోయాక నేను ఏమైపోయానో చెప్పుకునే జాగా లేకపోయింది. లాక్‌డౌన్ ముగిసిన తర్వాతి ఏడు మా ఇంట్లో నాకూ సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. మక్తల్ నుంచి ఒక టీచర్ సంబంధం వచ్చింది. మంచి మనిషేనట. దానితో నాకు భయం ఇంకా పెరిగింది, కాదనడానికి ఒక్క వంకా దొరకలేదు. బతకడం ఎందుకని రోజుకు పదిసార్లు అనిపించేది.

ఫోన్లో వెతికాను. అప్పటికి డాక్టర్లు, కౌన్సెలింగ్ చేసేవాళ్లు అందరూ వీడియోలో దొరుకుతున్నారు. ఒకాయన దొరికాడు. కోటు వేసుకుని, వెనక పుస్తకాల బీరువా పెట్టుకుని కూర్చున్నాడు. నేను పూర్తిగా చెప్పకముందే, ఇది అలవాటు మాత్రమేనని, పన్నెండు సార్లు కూర్చుంటే పోతుందని, ఈలోగా పెళ్లి కుదిరితే ఇంకా తొందరగా పోతుందని అన్నాడు. అమ్మ నంబరు ఇమ్మన్నాడు. ఇవ్వబోయి ఎందుకో చెయ్యి ఆగింది, ఫోను ఆపేశాను. కానీ ఆయన మాట మాత్రం లోపల కూర్చుంది. నాకు రోగం ఉందని, మందు తీసుకోనిది నేనేనని నమ్మాను.

ఆ వారమే పనిలో తప్పు చేశాను. జడ్చర్ల నుంచి వచ్చిన ఒక కిరాణా కొట్టు ఆయనకు కుడి చెవి గుర్తులు నీలంతో, ఎడమ చెవి గుర్తులు ఎర్రతో పెట్టాను. సార్ నా కాగితాన్ని నమ్మి మంచి చెవికి మిషను తయారు చేయించాడు. ఆయన మూడు రోజులకే తిరిగొచ్చి, ఇంతకుముందు వినబడిన చెవి కూడా ఇప్పుడు మోగిపోతోందని లబలబలాడాడు. సార్ ఆయనకు దండం పెట్టి, మళ్లీ తానే పరీక్ష చేసి, టీ తాగించి పంపాడు. నన్ను ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మధ్యాహ్నం ఎవరూ లేని వేళ పల్లీలు ఒలుస్తూ, నా వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఏడాదిన్నర సంది ఒక్క తప్పు రాయలే నువ్వు. ఏమైంది?"

ఏమీ లేదన్నాను. ఆయన పల్లీలు ఒలుస్తూ అక్కడే కూర్చున్నాడు. నేను ఏడుపు మొదలుపెట్టాను. ఏడుస్తూనే అంతా చెప్పేశాను. హాస్టల్ స్నేహితురాలు, మక్తల్ సంబంధం, కోటు ఆయన, చచ్చిపోవాలని అనిపించడం, అన్నీ. ఒక నమాజీ ముసలాయనకు ఈ మాటలు ఎట్లా చెప్పగలిగానో ఇప్పటికీ తెలియదు. ఇంకెవరూ అడగలేదు, ఆయన అడిగాడు. అంతే అయి ఉంటుంది.

పల్లీలు పక్కన పెట్టాడు. "ఇప్పుడు, ఈ గడియల చచ్చిపోవాల్నని ఉన్నదా?" అని సూటిగా అడిగాడు. లేదన్నాను. "అనిపిస్తే ఏ యాళ్లయినా సరే ఫోన్ చెయ్యి. మా ఇంటామె ఎత్తుతది, నేనెత్తుత." తర్వాత చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. "నాకీ సంగతి ఎక్కువ తెల్వదు బిడ్డా. మా మతంల తప్పంటరు, మీ మతంల కూడ తప్పే అంటరు. అది నేను తేల్చేటిది కాదు. ఒకటే అడుగుత. ఆ కోటాయన నిన్ను టెస్టు చేసిండా, చెయ్యకముందే మిషను అమ్మబోయిండా?"

ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. తన పనిలో అంతకంటే పెద్ద తప్పు లేదు ఆయనకు.

ఆ రోజునుంచి సరైన మనిషిని వెతకడం మా ఇద్దరి పని అయింది. వెతకడం నాది, నన్ను వదలకపోవడం ఆయనది. రిపోర్టు కాగితం వెనక మూడు ప్రశ్నలు నాతో రాయించాడు. నన్ను మారుస్తరా? ఇంట్లోళ్లకు చెప్తరా? నా తీరు మనుషులను ఇంతకుముందు చూసిన్రా? ఇవి అడగకుండా నా కథ ఎవరికీ చెప్పకూడదని షరతు. మొదట దొరికినామె బెంగళూరులో ఉండేది. మూడింటికీ మంచి జవాబులే ఇచ్చింది, కానీ తనకు తెలుగు రాదు. నేను ఇంగ్లీషులో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టగలను, ఏడవలేను. రెండోసారే మానేశాను. తర్వాతి ఆయనది తెలుగే. రెండో ప్రశ్న అడగ్గానే, పెద్దవాళ్లకు తెలియకుండా ఏ సమస్యా తీరదని ఉపన్యాసం మొదలుపెట్టాడు. నేనే ఫోను పెట్టేశాను. ఒకసారి చేసిన పని రెండోసారి సులువుగా వచ్చింది.

చివరికి హైదరాబాదులో నాలాంటివాళ్లు నడుపుకునే ఒక గుంపు ఉందని తెలిసి వాళ్లకు రాశాను. వాళ్లు నమ్మకంగా పంపగలిగినవాళ్ల పేర్లు కొన్ని ఇచ్చారు. అందులో తక్కువ ఫీజు తీసుకునే ఒక మేడం దొరికింది. ఆమె అమ్మగారి ఊరు వనపర్తి వైపు. మొదటి ప్రశ్నకు, "మార్చను. మార్చాల్సిందేం లేదు," అన్నది. రెండోదానికి, "చెప్పను. నీ పానం మీదికొచ్చే మాటైతేనే ఇంకొకరిని పిలుస్త, అది గూడ ముందు నీకు చెప్పినంకనే," అన్నది. మూడోదానికి చాలామందిని చూశానన్నది, కానీ వాళ్ల గురించి నాకు చెప్పనన్నది. సార్‌కు ఆ చివరి మాట బాగా నచ్చింది. "వాళ్ల సంగతులు నీకు చెప్పకపోతే, నీ సంగతి ఇంకొకలకు చెప్పదు," అన్నాడు.

మనిషి దొరికింది, మాట్లాడే జాగా లేదు. మహబూబ్‌నగర్‌లో కిరాయి గదిలో మేం ముగ్గురం అమ్మాయిలం. ఊళ్లో మా ఇంట్లో ఉన్నది ఒకటే అర్ర. పార్కులో కూర్చుని మాట్లాడదామంటే అక్కడా తెలిసినవాళ్లే. సార్ చెవుల గది చూపించాడు. "లోపట మొత్తుకున్నా బయటికి రాదు. గందుకే కట్టినం గద." కానీ అందులోకి ఫోను సిగ్నలు కూడా రాదు. ఆదివారం వచ్చి హెడ్‌ఫోన్ తీగలు పోయే కంతలోంచి ఇంటర్నెట్ తీగ తానే లాగాడు. బుధవారం మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా ఆ గది నాది. 'టెస్టు నడుస్తున్నది' అన్న బోర్డు తగిలించి, కుర్చీ తిప్పుకుని అద్దానికి వీపు పెట్టి కూర్చునేవాడు. వినబడకపోయినా పెదాలు చదవడం ఆయనకు అలవాటు, అందుకని. ఒక్కసారి కూడా వెనక్కి తిరగగా నేను చూడలేదు.

మొదటి కొన్ని వారాలు నేను మేడం ఏం అడిగినా మంచిగనే ఉన్నానని చెప్పాను. అచ్చం ఆ పటేలులాగా నొక్కాను. ఆమె తొందరపడలేదు. నెమ్మదిగా నిద్ర వచ్చింది, ఆకలి వచ్చింది. రోగం కాదన్న మాట మొదట చెవికి ఎక్కింది, మనసుకు ఎక్కడానికి ఇంకా చాలా బుధవారాలు పట్టాయి.

అట్లాంటి ఒక బుధవారం మా అమ్మ చెప్పాపెట్టకుండా వచ్చింది. మోకాళ్ల నొప్పికి దవాఖానకు వచ్చి, నన్ను చూసి పోదామని దుకాణానికి వచ్చిందట. అద్దంలోంచి చూస్తే లోపల నేను, చెవులకు తీగలు, కళ్లనిండా నీళ్లు. బయట టెస్టు నడుస్తున్నదన్న బోర్డు. అమ్మకు చదువు రాదు కానీ ఆ గది ఎందుకో తెలుసు. మా బిడ్డకు ఏమైందని సార్‌ను అడిగింది. నిజం చెప్పడానికి అది ఆయన సొంత మాట కాదు, అబద్ధం ఆయన నోట రాదు. "బయటికొచ్చినంక ఆమెనే అడుగమ్మా," అని తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడంతో అమ్మకు సర్వం అర్థమైపోయింది. నేను తలుపు తీయగానే నా మొఖం రెండు చేతుల్లోకి తీసుకుని, నా చెవిలో గట్టిగా అరిచింది.

"ఎన్నొద్దుల సంది ఇనబడ్తలేదు బిడ్డా?"

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక, తల ఊపాను. ఎందుకు ఊపానంటే ఏం చెప్పను. దొరికిన దారి అది. ఇన్నాళ్లు పెళ్లంటే ఎందుకు ఉలిక్కిపడుతున్నానో అమ్మకు ఒక కారణం దొరికింది, నాకు ఒక వంక దొరికింది. మోసం చేయడం మా ఇంటా వంటా లేదని అమ్మే మక్తల్ వాళ్లకు కబురు చేసింది. వాళ్లు వెనక్కి తగ్గారు. నెల తిరగకుండా ఊరందరికీ తెలిసిపోయింది. నేను ఇంటికి పోతే ఎదురింటివాళ్లు, చర్చిలో వాళ్లు, బర్రెలు తోలుకుపోయేవాళ్లు, అందరూ నా చెవి దగ్గరికి వచ్చి అరిచేవాళ్లు. పాస్టరు గారు నా రెండు చెవుల్లో వేళ్లు పెట్టి ప్రార్థన చేశారు. నాకు మాత్రం హాయిగా ఉంది. పెళ్లి మాట ఎత్తేవాళ్లు లేరు.

మేడంకు ఇది నవ్వుతూ చెప్పాను. ఆమె కూడా నవ్వింది. నవ్వి, "ఈ చెవుడు నీకు ఇంకెన్ని రోజులు కావాలె కరుణా?" అని అడిగింది. వద్దనలేదు, తప్పనలేదు.

సార్ మాత్రం నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఒక పొద్దున నన్ను గదిలో కూర్చోమని, హెడ్‌ఫోన్ తగిలించి, బటన్ చేతికిచ్చి, దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చేసినట్టే నాకు పరీక్ష చేశాడు. ఎర్ర గుర్తులు, నీలం గుర్తులు, అన్నీ కాగితంలో పై వరసన, అంటే చెవులు రెండూ బాగున్నట్టు. కింద సంతకం పెట్టి, స్టాంపు వేసి నా చేతికిచ్చాడు.

"చెవుడు తప్పుగాదు. గీ దుకాణం నడిచేదే వాళ్లతోని. కాని నీకు లేని రోగం నీకెందుకు? మొదలు గా కోటాయన ఒకటి అంటగట్టిండు. దాన్ని ఇడిపించుకునెతందుకు నువ్వెంత తిప్పల పడ్డవో నేను సూసిన. ఇప్పుడు నీ అంతట నువ్వే ఇంకొకటి తగిలించుకున్నవు." స్టాంపు పక్కన పెట్టి, "నేను గూడ తప్పు జేసిన. ఆ దినం తల దించుకున్న. మీ అమ్మకు ఎప్పుడు జెప్పాల్నో నీ ఇష్టం, చెప్పకున్నా నేనేమనుకోను," అన్నాడు.

కోపం వచ్చింది నాకు. ఆయనకేం, చెప్పి ఊరుకుంటాడు, ఇంట్లోంచి వెళ్లగొడితే పోయేది నేను అనుకున్నాను. మేడం దగ్గర ఆ కోపమంతా కక్కాను. తర్వాత ఆరు బుధవారాలు అమ్మకు ఎట్లా చెప్పాలన్నదే మా పని. ఏ మాటతో మొదలుపెట్టాలి, నాయిన ఇంట్లో లేని రోజు ఏది, పొమ్మంటే ఆ పూట ఎవరి దగ్గరికి పోవాలి. హైదరాబాదు గుంపులో ఒకామె తన గదిలో చోటు ఉంచుతానని చెప్పింది. నా సర్టిఫికెట్లన్నీ ముందే దుకాణానికి చేర్చాను.

వేసవిలో ఒక శుక్రవారం అమ్మ చింతపండులో గింజలు తీస్తుంటే పక్కన కూర్చున్నాను. కాగితం ముందు పెట్టి, నా చెవులు రెండూ బాగున్నాయని చెప్పాను. అమ్మ మొఖం వెలిగిపోయింది. ప్రభువుకు స్తోత్రం అన్నది. ఆ వెలుగు చూసి మాట మింగేద్దామనుకున్నాను.

"మరి అట్లెందుకు జెప్పినవే?" అన్నది.

చెప్పాను. అమ్మాయిలంటే ఇష్టమని, పెళ్లి నావల్ల కాదని, ఇది రోగం కాదని, అన్నీ ఒక్క గుక్కలో. అమ్మ చేతులు ఆగిపోయాయి. చేతిలో గింజ పక్కన పెట్టి, "గీ సంగతి మీ సారుకు తెలుసా?" అని అడిగింది.

"తెలుసమ్మా."

"నాకంటె ముందుగాల తెలుసా?"

అప్పుడు ఏడ్చింది. నేను ఎవరినో ఇష్టపడ్డందుకు కాదు, తనకు చెప్పకుండా ఎవరికో చెప్పినందుకు. పొమ్మనలేదు. ఉండమనీ అనలేదు. నాయినకు తనే చెప్పింది. ఆయన మూడు నెలలు నాతో మాట్లాడలేదు, తర్వాత తిన్నవా అన్నంత వరకు మొదలుపెట్టాడు. ఇప్పటికీ అంత వరకే.

సార్‌కు అమ్మ మాట చెబితే తల ఊపాడు. "మరి కోపమొస్తది గద. కన్నతల్లి." అంతకుమించి ఆయన నన్ను పొగడలేదు, ఆశీర్వదించలేదు. నేను చేసింది తప్పో ఒప్పో ఆయన మనసులో ఎట్లా ఉండేదో నేనెప్పుడూ అడగలేదు. నాకు నల్లగొండలో మంచి జీతంతో పని దొరికినప్పుడు దుకాణం బయటిదాకా వచ్చి, ఎర్ర పెన్ను నీలం పెన్ను సరిచూసుకొమ్మని చెప్పి లోపలికి పోయాడు. పోయిన చలికాలం గుండెనొప్పితో పోయాడు. నాకు తెలిసేసరికి నాలుగో రోజు.

ఇప్పుడు నాకు అప్పుడప్పుడు తెలియని అమ్మాయిలు, అబ్బాయిలు రాస్తుంటారు. మంచి కౌన్సెలింగ్ ఎక్కడ దొరుకుతుంది అక్కా అని. పేర్లు ఇచ్చే ముందు ఆ మూడు ప్రశ్నలు పంపుతాను. కథ చెప్పకముందే ఇవి అడుగు, జవాబు నచ్చకపోతే ఫోను పెట్టేయి, నువ్వేం మర్యాద తప్పినట్టు కాదు అని రాస్తాను. నాలో ఆయన మిగిల్చింది అదే. ఎవరైనా నాకు ఏదైనా పేరు తగిలిస్తే, అది నాదో కాదో చూసుకున్నాకే ఒప్పుకుంటాను. రోజూ చేతనవుతుందని చెప్పను.

మొన్న ఎండాకాలం ఊళ్లో మా చిన్నమ్మ మనవరాలి పుట్టినరోజు భోజనాలకు పోయాను. బంతిలో కూర్చుంటే పక్కింటి పెద్దమ్మ ఒకామె నా మీదికి వంగి, పప్పు వేసుకుంటవా అని చెవి పగిలేలా అరిచింది. అలవాటైపోయి నేను నవ్వి ఊరుకున్నాను. వడ్డిస్తున్న అమ్మ గంటె చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"ఎందుకొర్లుతవ్ వదినె? నా బిడ్డకు మంచిగ ఇనబడ్తది. పెండ్లి వద్దన్నది, చేస్తలేం. గంతే."

అమ్మ నా విస్తట్లో పప్పు వేసి ముందుకు పోయింది. ఈ మాట సార్‌కు చెప్పాలని ఫోను తీశాను. ఆ నంబరు ఇంకా నా ఫోన్లో ఉంది, ఎత్తడానికి ఆయనే లేడు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.